టీవీ సౌండ్‌బార్‌ని గుర్తించట్లేదా? ముందు వైరు ఏ పోర్టులో ఉందో చూడండి

మీరు రాసినదాన్ని బట్టి సౌండ్‌బార్ ఆన్ అవుతోంది, బ్లూటూత్ పెడితే ఫోన్‌లో పాటలు బాగానే వస్తున్నాయి, హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపితే మాత్రం సౌండ్ అవుట్‌పుట్ లిస్టులో దాని పేరే కనబడట్లేదు. అంటే బార్ స్పీకర్లు పాడవలేదు, రిటర్న్ చేసే ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి.

మా అక్క వాళ్ళింట్లో సరిగ్గా ఇదే జరిగింది. టీవీ గోడకి బిగించిన అబ్బాయి ఏఆర్‌సీ (ఆడియో రిటర్న్ ఛానల్, అంటే టీవీ సౌండ్‌ని బార్‌కి పంపే దారి) అని రాసున్న పోర్టులో సెట్‌టాప్ బాక్స్ వైరు పెట్టి, సౌండ్‌బార్ వైరుని పక్క పోర్టులో పెట్టి వెళ్ళిపోయాడు. సెట్‌టాప్ బాక్స్ బొమ్మ ఏ పోర్టులో పెట్టినా వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. కానీ టీవీ లోపలి సౌండ్ ఆ వైరు మీదుగా బయటికి వెళ్ళే దారి మామూలుగా ఒక్క పోర్టుకే ఉంటుంది, దాని పక్కనే ఏఆర్‌సీ అనో, దాని కొత్త రకమైన ఈఏఆర్‌సీ అనో చిన్న అక్షరాల్లో రాసుంటుంది. గోడకి టీవీ ఉంటే వెనక ఏమీ కనబడదు, ఫోన్ లోపలికి పెట్టి ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. బార్ వైపు కూడా చూడాలి. దానికి రెండు హెచ్‌డీఎంఐ పోర్టులుంటే, టీవీ నుంచి వచ్చే వైరు అవుట్ లేదా టీవీ ఏఆర్‌సీ అని ఉన్నదాంట్లోకే వెళ్ళాలి. ఇన్ అని ఉన్నది సెట్‌టాప్ బాక్స్ లాంటి వాటికి.

పోర్టు సరిగ్గానే ఉంటే తర్వాత చూడాల్సింది సీఈసీ. టీవీ, బార్ ఒకదాన్నొకటి పలకరించుకునేది దీనితోనే, ఇది ఆఫ్‌లో ఉంటే చాలా టీవీల్లో ఏఆర్‌సీ పనిచేయదు. గొడవేంటంటే సెట్టింగ్స్‌లో సీఈసీ అనే పేరు వెతికితే దొరక్కపోవచ్చు, శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీలో సింప్‌లింక్ అని, సోనీలో బ్రావియా సింక్ అని ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. అది ఆన్ చేసి, సౌండ్ అవుట్‌పుట్‌లో హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఎంచుకుని, బార్‌ని కూడా దాని రిమోట్‌తో టీవీ లేదా ఏఆర్‌సీ మోడ్‌కి మార్చండి. బ్లూటూత్ మోడ్‌లోనే ఉండిపోతే టీవీ సౌండ్ అందులోంచి రాదు.

అప్పటికీ కనబడకపోతే రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి పీకేయండి. రిమోట్‌తో ఆపితే చాలదు, అది స్టాండ్‌బైలోకి వెళ్తుందంతే, పాత లింకు అలాగే ఇరుక్కుని ఉంటుంది. కొన్ని నిమిషాలు ఆగి, మిగతా హెచ్‌డీఎంఐ వైర్లన్నీ, ఫైర్ స్టిక్ సహా, తీసేసి టీవీ, బార్ మాత్రమే ఉంచి ఆన్ చేయండి. ఫైర్ స్టిక్, సెట్‌టాప్ బాక్స్ కూడా అదే సీఈసీ వాడతాయి కాబట్టి అప్పుడప్పుడు మధ్యలో అవే అడ్డం పడతాయి. అక్క వాళ్ళింట్లో ఎండాకాలం కరెంటు పోయి వచ్చాక బార్ మళ్ళీ మాయమయ్యేది, ప్రతిసారీ ఈ ప్లగ్గులు పీకడంతోనే సర్దుకునేది.

వైరు మీద కూడా అనుమానం పెట్టుకోండి. సీఈసీ 13వ పిన్ మీద, ఏఆర్‌సీ 14వ పిన్ మీద నడుస్తాయి. నాసిరకం వైర్లలో వీటి కనెక్షన్ సరిగ్గా లేకపోయినా బొమ్మ శుభ్రంగా వస్తుంది, అందుకే ఇదే వైరు సెట్‌టాప్ బాక్స్‌కి పనిచేసింది కదా అని వదిలేయొద్దు. బార్‌తో పాటు డబ్బాలో వచ్చిన వైరే పెట్టి చూడండి. టీవీలో ఈఏఆర్‌సీ ఆప్షన్ ఉంటే కాసేపు ఆఫ్ చేసి మామూలు ఏఆర్‌సీలో కూడా ప్రయత్నించండి. పేరు కనబడినా సౌండ్ రాకపోతే డిజిటల్ అవుట్‌పుట్‌ని పీసీఎంకి (కుదించని మామూలు సౌండ్ రూపానికి) మార్చండి.

ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, మీది అంతకంటే పాత టీవీ అయితే ఆ దారే ఉండదు, సౌండ్‌ని వెలుగుగా పంపే ఆప్టికల్ వైరే గతి. కొత్త టీవీ అయినా పరీక్ష కోసం ఆప్టికల్ ఒకసారి పెట్టి చూడమంటాను. వైరు కొసలకున్న ప్లాస్టిక్ టోపీలు తీసి పెట్టండి, టీవీ ఆన్‌లో ఉన్నప్పుడు రెండో కొసలో ఎర్ర వెలుగు కనబడాలి. ఆప్టికల్‌లో టీవీ బార్ పేరు చూపించదు, ఎందుకంటే అది ఒకవైపే వెళ్ళే వెలుగు, బార్ నుంచి తిరుగు కబురు ఉండదు. కాబట్టి పేరు కోసం చూడకుండా అవుట్‌పుట్ ఆప్టికల్‌కి మార్చి వినండి. టీవీ రిమోట్‌తో వాల్యూమ్ సాధారణంగా మారదు, బార్ రిమోట్ దగ్గర పెట్టుకోవాలి. బ్లూటూత్‌తో సరిపెట్టుకోమని కొందరంటారు, నేను మాత్రం వద్దంటాను, చాలాసార్లు మాట వెనకబడి పెదాలకీ మాటకీ పొంతన ఉండదు.

ఆప్టికల్‌లో సౌండ్ వచ్చి, వైరు మార్చినా ఏఆర్‌సీ మాత్రం పనిచేయకపోతే అప్పుడు సర్వీస్‌కి ఫోన్ చేసి ఇదే మాట చెప్పండి, బార్‌ని ఇంకో టీవీకి పెట్టి చూసి ఆ సంగతి కూడా చెబితే పోర్టు టీవీదా బార్‌దా పోయిందన్నది వాళ్ళకి వెంటనే తేలిపోతుంది. ఈలోపు రెండింటి మోడల్ నంబర్లు, టీవీ వెనక ఫొటో ఇక్కడ పెట్టండి, సెట్టింగ్ ఎక్కడుందో చూసి చెప్తాను.