నలభై దాటాక దగ్గరి అక్షరాలు ఎందుకు మసకబారతాయి?

దూరపు బస్సు బోర్డు చక్కగా చదివే మనిషి, మందు సీసా మీది అక్షరాల కోసం చెయ్యి దూరంగా చాపుతాడు. ఇదే చత్వారం. జబ్బు కాదు, వయసుతో అందరికీ వచ్చేదే.

కంట్లోకి వచ్చే వెలుతురును వంచే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు కంటి ముందున్న పారదర్శక పొర, కార్నియాదే. కానీ దాని వంపు స్థిరం. దూరానికీ దగ్గరికీ సర్దుకునేది కనుపాప వెనకున్న లెన్సు. దాని చుట్టూ ఉంగరంలా సీలియరీ కండరం ఉంటుంది. రెంటినీ సన్నని పోగులు కలుపుతాయి. దగ్గరగా చూసినప్పుడు కండరం బిగుసుకుని ఉంగరం చిన్నదవుతుంది, పోగులు వదులవుతాయి, లెన్సు గుండ్రంగా ఉబ్బుతుంది. కండరం బిగిస్తే పోగులు వదులవడం తిరకాసుగా ఉంటుంది గానీ, జరిగేది అదే.

లెన్సులో జీవితాంతం కొత్త కణాలు చేరుతూనే ఉంటాయి, పాతవి రాలిపోవు. ఏటేటా అది గట్టిపడుతుంది, అందుకే దగ్గరి చూపుకు కావాల్సినంత ఉబ్బలేదు. 10 ఏళ్ల పిల్లలు 10 సెంటీమీటర్ల దూరంలోని అక్షరాలు కూడా చదవగలరు. 45 దాటేసరికి 30 సెంటీమీటర్లే కష్టం.

మైనస్ పవర్ ఉన్నవాళ్లు చాలామంది అద్దాలు తీసేసి హాయిగా చదువుతారు. అంటే వాళ్లకు చత్వారం రాలేదని కాదు, వాళ్ల కన్ను మొదటి నుంచీ దగ్గరికే కుదురుకుని ఉంది. ఇక చత్వారానికి అద్దాలు పెడితే చూపు పాడవుతుందనేది ఉత్త అపోహ. పెట్టినా, పెట్టకపోయినా 60 ఏళ్ల దాకా పవర్ కొద్దికొద్దిగా పెరుగుతుంది.