వలసల మీద మరో పీజీ చేయాలా?

ప్రశ్న: ఎంఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరంలో ఉన్నాను. అభివృద్ధి ప్రాజెక్టులు రూపొందించేటప్పుడు వలసలను కూడా లెక్కలోకి తీసుకునే పని ఒకటి ఉంటుందని ఓ సెమినార్‌లో విన్నాను. అది నిజంగా ఉద్యోగమేనా? దానికోసం మైగ్రేషన్ స్టడీస్‌లో ఇంకో పీజీ చేయమంటారా? ఇంట్లోవాళ్లు మాత్రం "వలసల మీద చదువేంటి?" అంటున్నారు.

జవాబు: ఉద్యోగమే. కాకపోతే ప్రకటనల్లో ఆ పేరుతో వెతికితే పెద్దగా దొరకదు. సోషల్ సేఫ్‌గార్డ్స్ స్పెషలిస్ట్ (ప్రాజెక్టు వల్ల జనానికి నష్టం జరగకుండా చూసే నిపుణుడు), ప్రోగ్రామ్ అనలిస్ట్, మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్ ఆఫీసర్ లాంటి హోదాల కింద ఈ పని ఉంటుంది. ఇంకో పీజీ ఇప్పుడే వద్దు. ఎందుకో చెప్పేముందు, పని ఎలా ఉంటుందో చూడండి.

ఒక ప్రాంతంలో నర్సింగ్ శిక్షణ కేంద్రం పెడుతున్నారనుకోండి. ప్రాజెక్టు లాగ్‌ఫ్రేమ్‌లో, అంటే లక్ష్యాలూ కొలమానాలూ రాసుకునే పట్టికలో, విజయానికి కొలమానంగా ఒక వరుస రాస్తారు: "శిక్షణ పూర్తిచేసినవారిలో 70 శాతం మంది స్థానిక ఆసుపత్రుల్లో చేరాలి." ఐదేళ్లు గడిచేసరికి సగం మంది విదేశాల్లో తేలారు. కాగితం మీద ప్రాజెక్టు ఫెయిల్. ఆ కుటుంబాలకు నెలనెలా డబ్బు వస్తోంది, ఆసుపత్రిలో మాత్రం నర్సులు లేరు. ఇది లాభమా, నష్టమా? ఆ ప్రశ్న మొదటి రోజే వేసుకుని ఉంటే శిక్షణ సీట్లు పెంచేవారు, లేదా స్థానికంగా జీతాలూ క్వార్టర్లూ మెరుగుపరిచేవారు, కొలమానాన్నీ వేరేగా రాసేవారు. మొదటి రోజున ఆ ప్రశ్న వేసే మనిషే మీరు. ఇదేమీ గాలిలో ఊహ కాదు. పది దేశాల్లో చేసిన అధ్యయనాన్ని ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) 2017లో వెలువరించింది. స్థానికంగా తగిన పని దొరకని చోట వృత్తి శిక్షణ జనాన్ని ఆపకపోగా బయటికి వెళ్లేలా చేయగలదని అందులో తేలింది.

"అభివృద్ధి జరిగితే వలస ఆగిపోతుంది" అన్న నమ్మకంతో ఈ రంగంలోకి రాకండి. దేశాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆదాయం పెరిగేకొద్దీ కొంతమేరకు వలస పెరిగి, ఆ తర్వాతే తగ్గుతుంది. దీన్ని మైగ్రేషన్ హంప్ అంటారు. ఒకే దేశాన్ని ఏళ్ల తరబడి గమనించినా ఇలాగే ఉంటుందా అన్న దానిపై ఆర్థికవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. మీ డిసర్టేషన్‌కి అంశం కుదరకపోతే ఇది పట్టుకోండి.

పనిలో ఎక్కువ భాగం మాత్రం ఇంతకన్నా చిన్న విషయాలతోనే. తాగునీటి పథకానికి సర్వే చేస్తూ "మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగితే "ఆరుగురం" అంటారు. వాళ్లలో ఇద్దరు ఏడాదిలో ఎనిమిది నెలలు పని కోసం వేరే నగరంలో ఉంటారు. ట్యాంకు ఆరుగురికి కడతారు, ఆ నగరంలో ఈ ఇద్దరినీ ఎవరూ లెక్కవేయరు. "గత ఏడాది ఎన్ని నెలలు ఇక్కడున్నారు? మిగతా నెలలు ఎక్కడ?" అన్న రెండు ప్రశ్నలను ఫారంలో చేర్పించడానికి మీరు మూడు మీటింగుల్లో వాదించాల్సి రావచ్చు. నిర్వాసితుల విషయంలో ఇది మరీ తీవ్రం. ప్రపంచ బ్యాంకు రుణంతో నడిచే ప్రాజెక్టుల్లో భూసేకరణ, పునరావాసాలకు ఈఎస్ఎస్-5 అనే ప్రమాణం ఉంది. అది భాగంగా ఉన్న చట్రం 2018 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. కటాఫ్ తేదీ పెట్టి కుటుంబాలను లెక్కిస్తారు. ఆ వారం కూలికి పొరుగు జిల్లాకు వెళ్లినవాడి పేరు జాబితాలో లేకపోతే, తిరిగొచ్చాక అతను ఎవరికి చెప్పుకోవాలి?

ఇంటర్వ్యూ కోసం రెండు గుర్తుంచుకోండి: ఒకటి, వలసలపై 2018 డిసెంబరులో మరకేష్‌లో దేశాలు ఆమోదించిన ఒప్పందం గ్లోబల్ కాంపాక్ట్, దాని 23 లక్ష్యాలు; రెండు, ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో వలసలకు సంబంధించిన 10.7, 10.సి. 10.7 వలసలు సురక్షితంగా, క్రమపద్ధతిలో జరగాలంటుంది; 10.సి వలస కార్మికులు ఇంటికి డబ్బు పంపడానికయ్యే ఖర్చును 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలంటుంది.

ఇక పీజీ సంగతి. నా దగ్గరికొచ్చే సీవీల్లో "వలసల నిపుణుడు" అని రాసుకున్నవి చాలానే ఉంటాయి. ఏ రంగం తెలుసని అడిగితే మౌనం. నీరు, ఆరోగ్యం, విద్య, వ్యవసాయం, వీటిలో ఏదో ఒకటి పట్టుకోండి. దానిమీద శాంపిల్ సర్వే పద్ధతులు, స్టాటా లేదా ఆర్ (గణాంకాల సాఫ్ట్‌వేర్లు), క్యూజీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్) నేర్చుకోండి. మీకు ఎకనామిక్స్ ఉంది కాబట్టి సగం దూరం వచ్చేసినట్టే. ఇంకో కారణం కూడా ఉంది. ఇవి చాలావరకు ఆర్నెల్లు, ఏడాది కాంట్రాక్టులు, అవి కూడా దాతల నిధుల మీద ఆధారపడి ఉంటాయి. 1951 నుంచి ఉన్న ఐఓఎం (అంతర్జాతీయ వలసల సంస్థ) అంతటి సంస్థే 2025లో నిధులు తగ్గాయని జెనీవా ప్రధాన కార్యాలయంలో ఐదో వంతు సిబ్బందిని తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. చేతిలో రంగం ఉన్నవాళ్లు ఇలాంటప్పుడు పక్క ప్రాజెక్టుకు మారగలరు.

ఇంట్లోవాళ్లకు "వలసల చదువు" అని చెప్పకండి, "ప్రాజెక్టు ప్లానింగ్ ఉద్యోగం" అనండి. అది అబద్ధమేమీ కాదు.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ప్రపంచ బ్యాంకు తన ప్రాజెక్టుల పత్రాలను వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. మీకు నచ్చిన రంగంలో పూర్తయిన ప్రాజెక్టు ఒకటి తీసుకుని, ఎవరు వస్తారు, ఎవరు పోతారు అన్నది ఎక్కడెక్కడ వదిలేశారో రెండు పేజీల్లో రాయండి. రాశాక నాకు పంపితే చూస్తాను. దరఖాస్తుతో జతచేయడానికి మార్కుల లిస్టు కన్నా అదే బాగా పనికొస్తుంది.