ఏ కంపెనీ హార్డ్ డిస్క్ కొనాలి అంటే... రెండు కొనండి

"పిల్లల ఫోటోలు, ఇంటి కాగితాలు దాచుకోవడానికి ఏ కంపెనీ హార్డ్ డిస్క్ నమ్మకమైనది?" అని అడిగారు. ఈ రోజు హార్డ్ డిస్కులు తయారుచేసేది సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా, ఈ ముగ్గురే. పెట్టె మీద ఇంకే పేరున్నా లోపలిది వీళ్ళదే. ఎవరిదైనా కొనండి, కానీ రెండు కొనండి. జవాబు అంతే, మిగతాది నా గోడు.

2016 సంక్రాంతికి మా నానమ్మ చేత పాత పాటలు పాడించి ఫోన్లో రికార్డు చేశాను. దంపుడు పాటలు, లాలి పాటలు కలిపి పందొమ్మిది. మధ్యలో దగ్గు, "ఇంక ఆపరా" అని విసుక్కోవడం కూడా ఉన్నాయి. ఫోన్ నిండితే లాప్‌టాప్‌లోకి, అదీ నిండితే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి మార్చాను. ఆ ఫోల్డరుకి 'బ్యాకప్' అని పేరు పెట్టాను. లాప్‌టాప్‌లో చెరిపేశాక అదొక్కటే కాపీ అని నాకు తట్టనే లేదు.

రెండేళ్ళకు నానమ్మ పోయింది. పెద్దకర్మ రోజు అందరికీ వినిపిద్దామని డిస్కు టీవీకి తగిలించాను. ఎవరో పిల్లాడి కాలికి వైరు చుట్టుకుని అది కింద పడింది. ఆగి ఉన్నప్పుడు పడితే బతికేదేమో. తిరుగుతున్నప్పుడు లోపల డేటా చదివి రాసే హెడ్డు, డేటా ఉండే పళ్ళేనికి వెంట్రుకవాసి దూరం కూడా లేకుండా ఉంటుంది. తీసి మళ్ళీ పెడితే టిక్, టిక్ మని శబ్దం.

అక్కడితో ఆపాల్సింది. పది సార్లు పెట్టాను, తీశాను. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందట అని మా బావ చెబితే రాత్రంతా పెరుగు గిన్నె పక్కన ఉంచాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో షాపతను శబ్దం విని అడిగిన మొదటి మాట, "అన్నా, ఫ్రిజ్‌ల పెట్టినవా?" వేరే చోటికి పంపించాడు. డిస్కు ఖరీదు నాలుగు వేలు, రికవరీకి నలభై రెండు వేలు. తిరిగొచ్చినవి ఏడు పాటలు.

కంపెనీల గోల మాత్రం హీరోల ఫ్యాన్స్ కొట్లాటే. సీగేట్ మూడు టీబీ (టీబీ అంటే వెయ్యి జీబీ) మోడల్ ఒకటి విపరీతంగా పాడైపోయేదని ఇప్పటికీ ఆ కంపెనీనే తిడతారు. ఆన్‌లైన్ బ్యాకప్ కంపెనీ బ్యాక్‌బ్లేజ్ వాళ్ళు తమ దగ్గర ఏ మోడల్ డిస్కులు ఎన్ని పాడయ్యాయో మూడు నెలలకోసారి లెక్కలిస్తారు. చూడండి, ఒకే కంపెనీలో ఒక మోడల్ రాయిలా ఉంటుంది, ఇంకోటి రాలిపోతుంది. అన్నట్టు, ఆన్‌లైన్లో ఆరు వందలకి రెండు టీబీ పెన్‌డ్రైవ్ అంటే కొనకండి. కంప్యూటర్‌కి రెండు టీబీ అని అబద్ధం చెబుతుంది, నిజంగా ఉన్నది నిండాక ఫైళ్ళు పాడైపోతాయి. మా తమ్ముడు కొన్నాడు. పెళ్ళి వీడియో మొత్తం ఒక్క పెన్‌డ్రైవ్‌లో పెట్టి చేతులు దులుపుకునే ఫోటోగ్రాఫర్ల మీద కూడా నాకు కోపమే.

ఇప్పుడు నావి రెండు డిస్కులు. ఒకటి నా దగ్గర, ఒకటి విజయవాడలో మా మేనత్త ఇంట్లో. దసరాకి, సంక్రాంతికి వెళ్ళినప్పుడు మార్చుకుంటాను. మార్చే ముందు ఏదో ఒక ఫైలు తెరిచి చూస్తాను. రెండూ ఒకేసారి ఒకే కంప్యూటర్‌కి తగిలించను, వైరస్ వస్తే రెండూ పోతాయి. ఆ ఏడు పాటలు గూగుల్ డ్రైవ్‌లోనూ ఉన్నాయి.

పోయిన పన్నెండింట్లో నాలుగు మా అత్తకి వచ్చు. "గొంతు బాగోలేదురా" అంటూ మూడేళ్ళుగా తప్పించుకుంటోంది. ఈ దసరాకి డిస్కుతో పాటు మైకు కూడా పట్టుకెళ్తున్నాను.