ఉదయగిరి దుర్గం రాయలవారు కట్టించిందేనా?

ప్రశ్న: మా అమ్మమ్మది ఉదయగిరి దగ్గర పల్లె. కొండ మీద కోట కృష్ణదేవరాయలే కట్టించాడని ఇప్పటికీ అంటుంది. పదో తరగతి చదివే మా వాడేమో, కట్టలేదు, ముట్టడించాడు అని ఆమెతో వాదులాట. ఇంతకీ ఆ దుర్గాన్ని ఏలిన వంశం ఏది?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అబ్బయ్యదే గెలుపమ్మా. రాయలు వచ్చేనాటికి కోట ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉంది. ఏడాదిన్నర చుట్టుముట్టి కూర్చుంటే 1514లో గానీ దక్కలేదు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఇదంతా మీవాడికి తెలిసే ఉంటుంది.

వాడికి తెలియనిది, గజపతులకు ముందు ఈ దుర్గాన్ని ఏలిన వంశం సంగతి, చెబుతాను. ముప్పయ్యేళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను, నాకూ ఆలస్యంగానే తెలిసింది. విజయనగరం అనగానే హరిహర, బుక్కలని ఇద్దర్నే తలుచుకుంటాం. వాళ్ల తండ్రి సంగముడికి కొడుకులు అయిదుగురు: హరిహరుడు, కంపన, బుక్క, మారప, ముద్దప. ఆ రెండోవాడు కంపన వాటాకు వచ్చింది ఈ తూర్పు సీమ, ఉదయగిరి. ఆయన పోయేసరికి కొడుకు రెండో సంగముడు పసివాడు. పిల్లవాణ్ణి చదివించి, రాజ్యభారం మోసిన మంత్రి ఎవరనుకున్నారు? సాయణాచార్యులు! వేదాలకు భాష్యం రాసిన సాయణుడే. భాష్యాల పని తర్వాత బుక్కరాయల కొలువులో జరిగింది గానీ, సంస్కృత ధాతువుల మీద రాసిన ‘ధాతువృత్తి’ ఈ కుర్రరాజు మంత్రిగా ఉన్నప్పటిదే.

బిట్రగుంట అంటే మా తరానికి ఆవిరి ఇంజన్ల షెడ్డు. చరిత్రవాళ్లకు మాత్రం 1356 నాటి రాగిరేకులు. ఆ రెండో సంగముడు తన గురువు శ్రీకంఠనాథుడి మాట మీద బ్రాహ్మణులకు ఈ ఊరు దానమిచ్చి, దానికి గురువు పేరే పెట్టాడు, శ్రీకంఠపురమని. ఆ శాసన శ్లోకాలు రాసింది సాయణుడి తమ్ముడు భోగనాథుడు. హరిహర, బుక్కల అన్నదమ్ములు అయిదుగురి పేర్లూ వరసగా అందులో ఉన్నాయి. రాజుగారు పెట్టిన పేరు మాత్రం జనం నోటికెక్కలేదు. ఆ శాసనాన్ని మనమూ బిట్రగుంట శాసనమనే అంటున్నాం కదా!

తర్వాత బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి ఏలాడు. కడప వైపు పోరుమామిళ్ల చెరువు ఆయన తవ్వించిందే. 1369 నాటి శాసనంలో లెక్క కూడా ఉంది: రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలూ, ఉండకూడని 6 దోషాలూ రాయించాడు. ఈ కాలపు కాంట్రాక్టర్లకు చదివి వినిపించాలి.

మీవాడు కొండెక్కుతానంటే తెల్లారకముందే బయల్దేరదీయండి. నేను పాతికేళ్ల వయసులో చైత్రమాసపు ఎండలో, ఒక్క సీసా నీళ్లతో ఎక్కాను. సగం దారిలోనే సీసా ఖాళీ. పైన కోనేరు కనబడ్డాక, పాచి పక్కకు నెట్టి దోసిలితో తాగాను. సాయణుడు గుర్తొస్తే ఒట్టు!

దిగొచ్చేటప్పుడు ఊళ్లో చెక్క గరిటె ఒకటి కొని అమ్మమ్మకిమ్మనండి. ఉదయగిరి చెక్క గరిటెలకు పెట్టింది పేరు. ఎవరు గెలిచారో నేను చెప్పానని మాత్రం ఆమెతో అనొద్దు.