ప్రాబ్లమ్-సొల్యూషన్ ఎస్సే: యాభై వాక్యాలు వద్దు, పది చాలు

ప్రశ్న: బెంగళూరులో బీటెక్ చివరి ఏడాది చదువుతున్నాను. ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవారు రాసే ఇంగ్లిష్ పరీక్ష) రైటింగ్‌లో రెండుసార్లూ 5.5 దగ్గరే ఆగిపోయాను. సమస్య-పరిష్కారం ఎస్సే కోసం యాభై వాక్యాలు బట్టీపట్టాను. ఇంకా ఏవి నేర్చుకోవాలి?

జవాబు: కొత్తవి వద్దు. ఉన్నవాటిలో పది ఉంచుకుని, ఒక్కోదాని తర్వాత ఎలాంటి మాట రావాలో పట్టుకోండి. బట్టీపట్టిన వాక్యాలను ఎగ్జామినర్లు ఇట్టే గుర్తుపడతారు, వాటికి మార్కులివ్వరు.

ముందు ప్రశ్న సరిగ్గా చదవాలి. 'కాజెస్ అండ్ సొల్యూషన్స్' అంటే సమస్య ఎందుకొచ్చిందో రాయాలి. 'ప్రాబ్లమ్స్ అండ్ సొల్యూషన్స్' అంటే దానివల్ల జరుగుతున్న నష్టమేమిటో రాయాలి. తేడా చూడకపోతే టాస్క్ రెస్పాన్స్‌లో, అంటే అడిగినదానికి సరిగ్గా జవాబిచ్చారా అని చూసి ఇచ్చే మార్కుల్లో, దెబ్బ తింటారు. ఎస్సే మార్కుల్లో దాని వాటా పావు వంతు.

2024 వేసవిలో బెంగళూరు పడ్డ నీటి కష్టాన్నే తీసుకుందాం. 'డ్యూ టు బోర్‌వెల్స్ ఆర్ డ్రై' అని చాలామంది రాస్తారు. తెలుగులో 'బోర్లు ఎండిపోయాయి వల్ల' అంటామా? 'ఎండిపోవడం వల్ల' అంటాం. 'డ్యూ టు' కూడా అంతే, దాని తర్వాత నామవాచకమే రావాలి: 'డ్యూ టు ద డ్రైయింగ్ అప్ ఆఫ్ బోర్‌వెల్స్'. పూర్తి వాక్యం పెట్టాలంటే 'బికాజ్' వాడండి: 'బికాజ్ మెనీ బోర్‌వెల్స్ హ్యావ్ రన్ డ్రై'. 'స్టెమ్స్ ఫ్రమ్', 'లీడ్స్ టు' తర్వాత కూడా నామవాచకమే. 'రిజల్ట్స్ ఇన్' తర్వాత ఫలితం వస్తుంది, 'రిజల్ట్స్ ఫ్రమ్' తర్వాత కారణం వస్తుంది. ఇవి తారుమారైతే అర్థమే తిరగబడుతుంది.

పరిష్కారం దగ్గర అందరూ రాసేది 'గవర్నమెంట్ షుడ్ టేక్ నెసెసరీ స్టెప్స్'. ఏ స్టెప్స్? ఎవరు, ఏం చేయాలి, దాంతో ఏం మారుతుంది, ఈ మూడూ ఉండాలి. 'వన్ వే టు ఈజ్ ద షార్టేజ్ వుడ్ బి టు రిక్వైర్ అపార్ట్‌మెంట్స్ టు యూజ్ ట్రీటెడ్ వాటర్ ఇన్ దెయిర్ గార్డెన్స్. దిస్ వుడ్ రెడ్యూస్ ద డిమాండ్ ఫర్ ఫ్రెష్ వాటర్.' ఇంకా జరగని సూచన కాబట్టి ఇక్కడ 'విల్' కంటే 'వుడ్' నప్పుతుంది. 'బై' తర్వాత క్రియకు ఐఎన్‌జీ తప్పనిసరి: 'బై రిపేరింగ్ లీకింగ్ పైప్స్'. 'ఐ సజెస్ట్ టు' తప్పు. 'సొల్యూషన్ ఆఫ్' కాదు, 'సొల్యూషన్ టు'.

రైటింగ్‌లో ఉండే రెండు ప్రశ్నల్లో ఈ ఎస్సే రెండోది, అంటే టాస్క్ 2. దీనికి టాస్క్ 1 కంటే రెట్టింపు విలువ. 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి. మొదటి ఐదు నిమిషాల్లో రెండు కారణాలు, ఒక్కోదానికి దాని పరిష్కారమే చిత్తుగా రాసుకోండి. మొదటి పేరాలో చెప్పిన కారణానికి రెండో పేరాలో జవాబు లేకపోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. చివరి ఐదు నిమిషాలు ఈ 'డ్యూ టు', 'బై'లను వెతికి సరిచూడటానికి ఉంచుకోండి.

రోజూ పేపర్లో బెంగళూరు వార్త ఒకటి తీసుకుని కారణం, ఫలితం, పరిష్కారం, దాంతో వచ్చే మార్పు అంటూ నాలుగే వాక్యాలు రాయండి. మూడు వారాలు రాశాక పూర్తి ఎస్సేకి వెళ్లండి.