ఊరందరి మొహాలూ గీశారు, ఇంట్లో పసుపుతాడు కనపడలేదా?

వైజాగ్ నుంచి రాసిన సార్‌కి నమస్తే. పేరు బయటపెట్టొద్దన్నారు, పెట్టట్లేదు. చదివే మిగతావాళ్ళకి అర్థం కావాలి కాబట్టి ముందు మీ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, తప్పుంటే సరిదిద్దండి.

ఈయనకి 41. మెడికల్ రెప్. పెళ్లై పన్నెండేళ్ళు, నాలుగో క్లాస్ చదివే పాప. నెలలో సగం రోజులు క్యాంపులే, విజయనగరం, బొబ్బిలి, పలాస, మళ్ళీ వెనక్కి. డాక్టరు లోపలికి పిలిచేదాకా గంటలు గంటలు బయట కూర్చోవాలి కదా, ఆ టైంలో బ్యాగులోంచి స్కెచ్ బుక్ తీసి ఎదురుగా కనిపించినవాళ్ళ మొహాలు గీయడం అలవాటైంది. ఆదివారం వస్తే హాల్లో స్టాండు పెట్టుకుని ఆయిల్ పెయింటింగ్. ఇప్పటికి 140 దాకా అయ్యాయట. సంగీతం వాళ్ళు, ఆటల వాళ్ళు, దారిలో కలిసిన మామూలు మనుషులు. పోయిన ఏడాది ఒక చిన్న హాలు అద్దెకి తీసుకుని ఎగ్జిబిషన్ పెట్టారు, ఫ్రేములకీ హాలుకీ కలిపి 38 వేలైంది, రెండు బొమ్మలు ఆరేసి వేలకి అమ్ముడుపోయాయి.

ఇప్పుడు గొడవేంటంటే, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడని బస్టాండులో చూసి ఫోన్లో ఫోటో తీసుకుని, ఆవిడ బొమ్మే మూడుసార్లు వేశారు. మూడోది బాగా వచ్చిందని సంబరంగా భార్యకి చూపిస్తే ఆవిడ కాసేపు చూసి, "ఈవిడ మెళ్ళో నల్లపూసలు లెక్కపెట్టి మరీ వేశారు, నా మెళ్ళో ఏముందో చూశారా" అందట. చూస్తే పసుపుతాడు. పాప ఫీజుకి గొలుసు తాకట్టు పెట్టి, సూత్రాలు పసుపుతాడుకి కట్టుకుని తిరుగుతోంది. ఆర్నెల్లయింది. ఈయనకి తెలీదు.

ఆరోజు నుంచి ఆవిడ అవసరమైతే తప్ప మాట్లాడట్లేదు. ఈయన నన్నడిగినవి మూడు. బొమ్మలు మానేయమంటారా? పెళ్లిరోజు దగ్గరపడుతోంది, పెళ్లి ఫోటో చూసి ఆవిడ బొమ్మ వేసి సర్‌ప్రైజ్ ఇస్తే కరుగుతుందా? లేదా ఈ టార్గెట్ల ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఆర్టిస్టుగా మారిపోతే ఇంట్లోనే ఉంటాను కాబట్టి అన్నీ సర్దుకుంటాయా?

సార్, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. కరణం మల్లీశ్వరి గారి గురించి పదకొండు లైన్లు రాశారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చుకున్న సంగతి, ఆ అరచేతుల మీద సుద్దపొడి ఎలా వేస్తే పొడిలా కనిపిస్తుందో పెయింటులా కనిపించదో, కొండవెలగాడలో బరువులెత్తే ఆడపిల్లల్ని చూశాక గానీ ఆ భుజం పట్టు మీకు అర్థం కాలేదన్న సంగతి, చాలా బాగా రాశారు, నిజంగా. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణ చెక్కే పెద్దాయన బొమ్మలో 24 మెట్లూ లెక్క తప్పకుండా వేశానని గర్వంగా చెప్పుకున్నారు. మీ ఆవిడ మీద నాలుగు లైన్లున్నాయి. అందులో మూడు కంప్లైంట్లు. ఆవిడ టీచరన్న సంగతి కూడా ఫీజు విషయంలో మాటవరసకి తెలిసిందే తప్ప మీరు చెప్పలేదు.

తిడుతున్నాను అనుకోకండి. కొంచెం తిడుతున్నానేమో, సరే.

మీరు చూడలేని మనిషైతే వేరే సంగతి, నేను ఇంత రాయను. కొంతమంది మగాళ్ళు భార్య జుట్టు కత్తిరించుకున్నా వారం దాకా గమనించరు, మా ఇంట్లోనూ ఒకరున్నారు, ఆయన గోడ రంగు మారినా గమనించరు కాబట్టి నేను సరిపెట్టుకున్నాను. మీ కేసు అది కాదు కదా. ముక్కూమొహం తెలీని మనిషి మెళ్ళో పూసలు లెక్కపెట్టగలిగిన కళ్ళు మీవి. ఆవిడకి మండింది అక్కడే. "ఈయనకి చూడ్డం రాదు" అని పన్నెండేళ్ళు అనుకుని సర్దుకుపోయి ఉంటుంది, ఆ బొమ్మ చూశాక చూడ్డం వచ్చనీ, తనవైపు తిరగట్లేదనీ తెలిసింది.

ఇంకోమాట రాశారు మీరు, చివర్లో, బ్రాకెట్లో పెట్టి. "ఇదివరకు రెండుసార్లు తన బొమ్మ ప్రయత్నించాను మేడమ్, పోలిక రాలేదు, చింపేశాను" అని. ఆ సంగతి ఆవిడకి తెలుసా? తెలీదని నా అనుమానం. తెలిసి ఉంటే గొడవ ఇంకోలా ఉండేది. పోలిక ఎందుకు రాలేదో నాకు తోచింది చెప్తా, నేను ఆర్టిస్టుని కాదు, కానీ ఇరవై ఏళ్ళుగా మొగుడూపెళ్ళాల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొహాలు చూస్తున్నదాన్ని. పలాస ఆవిడ మీకు ఒక్క సాయంత్రం కనపడింది, ఒక్క వెలుగులో, ఒక్క అలసటతో. ఆవిడకి మీ దగ్గర ఉన్నది ఒకటే మొహం, అది గీస్తే అయిపోయింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారంటే నల్ల కళ్ళద్దాలూ ఫిడేలూ, ఆ రెండూ కుదిరితే దూరం నుంచి చూసినవాడు కూడా ఇట్టే చెప్పేస్తాడు. మీ ఆవిడకి మీ దగ్గర ఎన్ని మొహాలున్నాయి? పెళ్లిచూపుల్లోది, కాన్పు వార్డులోది, అత్తగారి ముందు ఉండేది, క్యాంపు నుంచి మీరు రాత్రి పదకొండింటికి దిగితే తలుపు తీసేది. ఏది వేసినా మిగతావి "నేనో" అంటాయి. అందుకే పెళ్లి ఫోటో చూసి వేయొద్దంటున్నా. ఆ ఫోటోలో ఉన్నమ్మాయి మెళ్ళో నగలన్నీ ఉంటాయి సార్. ఆ బొమ్మ తెచ్చి గోడకి తగిలిస్తే, ఇప్పుడు పసుపుతాడుతో ఉన్న మనిషికి అది ఎలా కనిపిస్తుందో ఒక్కసారి ఊహించుకోండి.

సర్‌ప్రైజులు అసలే వద్దు. ఆర్నెల్లుగా ఆవిడ మీకు చెప్పకుండా ఒకటి మోసింది, ఇప్పుడు మీరు ఆవిడకి చెప్పకుండా ఇంకోటి చేస్తారా?

ముందు డబ్బు సంగతి తేల్చండి, ఎందుకంటే ప్రేమ మాటలన్నీ అక్కడికొచ్చి ఆగిపోతాయి. గొలుసు మీద 75 వేలు తెచ్చిందన్నారు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకి 1500, ఆర్నెల్లకి 9 వేలు. ఏడాదికి లెక్కేస్తే 24 శాతం పడుతోంది. వెంటనే విడిపించే స్థోమత లేకపోతే కనీసం ఆ షాపులోంచి తీసి బ్యాంకులో గోల్డ్ లోన్‌కి మార్చండి, వడ్డీ సగానికి పైగా తగ్గొచ్చు, ఏటా ఎంత పడుతుందో, ఛార్జీలేంటో అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆవిడ ఒక్కతే వెళ్ళి తాకట్టు పెట్టిన మెట్లు మీరూ ఒకసారి ఎక్కాలి. అక్కడ నిలబడి ఎక్స్‌ప్లనేషన్లు ఇవ్వకండి, "నాకెందుకు చెప్పలేదు" అని అసలు అనకండి. చెప్పే టైం ఎప్పుడిచ్చారు? క్యాంపుల నుంచి వచ్చిన ఆదివారం కూడా స్టాండు ముందేగా.

ఉద్యోగం మానేసే ఆలోచన ఇప్పటికి పక్కనపెట్టండి. రెండు బొమ్మలకి 12 వేలొస్తే ఎగ్జిబిషన్‌కే 38 పెట్టారు, ఇంకా రంగులూ కాన్వాసులూ లెక్కలోకి రాలేదు. ఎప్పటికీ మానొద్దని చెప్పట్లేదు. ఒక ఏడాది పాటు బొమ్మల ఖర్చూ రాబడీ వేరే నోట్‌బుక్‌లో రాయండి, ఆ నోట్‌బుక్ ఆవిడకి కనిపించేచోట పెట్టండి. ఎవరైనా తమ వాళ్ళ బొమ్మ వేసిపెట్టమంటే సగం అడ్వాన్సు తీసుకోకుండా కాన్వాసు ముట్టుకోవద్దు, "మన సారే కదా" అని మొహమాటపడేది మీరు, ఫీజు టైంకి తడుముకునేది ఆవిడ. ఇంకో సంగతి, పేపర్లోనో నెట్‌లోనో వచ్చిన ఫోటో చూసి ప్లేయర్ల బొమ్మలు వేసి అమ్ముతున్నారు కదా, ఆ ఫోటో తీసినవాడికి దాని మీద హక్కుంటుంది. ఇంట్లో పెట్టుకోడానికి, చేయి తిప్పుకోడానికి సరే, అమ్మే బొమ్మకైతే పర్మిషన్ అడగండి, లేదా కొండవెలగాడ లాంటి చోటికెళ్ళి మనుషుల్ని అడిగి ఎదురుగా కూర్చోబెట్టి గీసుకోండి, మీకు ఆ ఓపికుంది.

అడిగి అన్నాను చూశారా. పలాస ఆవిడని అడిగారా? ఆవిడకి తెలీకుండా ఫోన్లో తీసిన ఫోటో అది. రోజంతా ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చి బస్సుకోసం కూర్చున్న మనిషి, ఎవరో తన ఫోటో తీసి మూడుసార్లు బొమ్మ వేసి హాల్లో పెట్టుకున్నారంటే ఆవిడింట్లో ఏమంటారు? మీ ఆవిడ మీమీద అనుమానపడలేదు, అది మీ అదృష్టం, ఆవిడ మంచితనం. వచ్చే క్యాంపులో కనపడితే చెప్పి, ఒప్పుకుంటే ఒక కాపీ ఇవ్వండి, వద్దంటే ఆ బొమ్మ తీసేయండి. ఇక హాస్పిటల్ బయట పేషెంట్ల బొమ్మలు మాత్రం ఇవాళే ఆపేయండి. జబ్బుతో కూర్చున్నవాళ్ళు గీయించుకోడానికి రాలేదు. పైగా ఎవరైనా డాక్టరుకి చెప్తే పోయేది మీ ఉద్యోగం.

బొమ్మలు మానేయమంటారా అన్నారు. మానొద్దు. మానేస్తే నాలుగు నెలలు పుణ్యపురుషుడిలా తిరిగి, ఐదో నెల నుంచి ప్రతి గొడవలోనూ "నీకోసం మానేశాను" అంటారు, అది ఆవిడ మెడకి ఇంకో తాడు. కాకపోతే ఆదివారం మొత్తం మీది కాదు. పొద్దున తొమ్మిదింటి దాకా మీది అనుకోండి, తర్వాత స్టాండు మడిచెయ్యాలి. క్యాంపుల్లో లాడ్జి రూములో రాత్రిళ్ళు ఖాళీయేగా, వాటర్ కలర్ పెట్టె బ్యాగులో పడుతుంది, అక్కడ వేసుకోండి.

ఆవిడ బొమ్మ సంగతి చివరికి పెట్టాను, కావాలనే. గొలుసు పని అయ్యాక, ఒక నెలో రెండు నెలలో గడిచాక, అడగండి. "నీ బొమ్మ రెండుసార్లు వేసి చింపేశాను, నాకు రాలేదు, ఈసారి ఎదురుగా కూర్చుంటావా" అని ఉన్నదున్నట్టు అడగండి. ఒద్దంటే ఒద్దు, మళ్ళీ అడగొద్దు. సెజాన్ అనే ఫ్రెంచి పెయింటర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, భార్య ఒర్టాన్స్‌వి ఆయన వేసిన ఆయిల్ బొమ్మలు దాదాపు 29 మిగిలున్నాయి, ఒక్కదాంట్లోనూ ఆవిడ నవ్వినట్టుండదు, పోనీ పోలికైనా ఒకటిగా ఉందా అంటే ఒక్కో బొమ్మలో ఒక్కో మనిషి. ఆయన ముందు కూర్చోవడం మాటలు కాదు, ఓలార్ అనే బొమ్మల వ్యాపారి తన బొమ్మకి 115 సార్లు కూర్చోవాల్సొచ్చిందని, కునుకు తీసి కదిలితే "యాపిల్ కదుల్తుందా" అని అరిచాడని రాసుకున్నాడు. మీరు అలా అరవకండి. పోలిక రాకపోతే చింపకండి కూడా, అలాగే చూపించండి, "ఇదా నేను" అని ఆవిడ నవ్వితే నవ్వనివ్వండి, ముక్కు తేడాగా ఉందంటే సరిచేయండి. రాజమండ్రి పనిబడి వెళ్తే ఒకసారి పాపనీ ఆవిడనీ దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళండి. పాతికేళ్ళు దాటి మూడేళ్ళు కూడా బతకలేదాయన, 1925లో మశూచితో పోయారు, భార్య సత్యవాణి గారు కూడా బొమ్మలు వేసేవారు. మీ ఆవిడకి బొమ్మలు వేయడం ఇష్టమో కాదో మీరెప్పుడైనా అడిగారా? నాకైతే ఉత్తరంలో కనపడలేదు.

కూర్చునే రోజు ఆవిడ పట్టుచీర కడతానంటే కట్టుకోనివ్వండి, నైటీలోనే కూర్చుంటానన్నా సరే. మధ్యలో లేచి పప్పు కుక్కర్ ఆపాలంటే మీరే లేచి ఆపండి. అప్పటికి గొలుసు ఇంకా రాకపోతే మెళ్ళో పసుపుతాడు ఉంటుంది కదా, అది వేయాలా వద్దా అన్నది మాత్రం ఆవిడనే అడగండి.

ఒకటి మర్చిపోయాను. పాపకి పిల్లికూతలు వస్తున్నాయనీ రాత్రిళ్ళు దగ్గుతోందనీ మధ్యలో ఎక్కడో రాశారు, అదే హాల్లో టర్పెంటైన్ మూత తీసి పెట్టుకుంటున్నారు. మెడికల్ రెప్ మీరు, నేను చెప్పాలా? పాపని డాక్టరుకి చూపించండి, ఆయిల్ పని బాల్కనీలోకి మార్చండి, చలికాలం తలుపులేసుకుని అసలు వేయొద్దు. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, విడివిడిగా ఆరేసి అప్పుడు పారేయండి. గొలుసు సంగతి ఏమైందో ఒక ముక్క రాయండి, ఈసారి ఆవిడ మీద నాలుగు లైన్లకంటే ఎక్కువ ఉండాలి.