ఎవరూ తిరిగి చెప్పని అధ్యాయం

మల్లేశ్వరం,
బెంగళూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవలతో పాటు, దాని మీద పాఠకులు వెలిబుచ్చిన 43 అభిప్రాయాలను వరుసగా అంటించిన నోటుపుస్తకం కూడా అందింది. నవలను రెండు రాత్రుల్లో చదివేశాను గాని, నోటుపుస్తకానికి వారం పట్టింది. మలి ముద్రణకు ముందు వీటిలో దేన్ని నమ్మాలి, ఇంతమంది అడుగుతున్నారు కనుక ముగింపు మార్చాలా అని అడిగావు. ముగింపు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఒక పెన్సిలు తీసుకొని, ఆ 43 అభిప్రాయాల్లో ఉన్న మెచ్చుకోలు మాటలనూ తెగడ్త మాటలనూ కొట్టెయ్యి. ‘అద్భుతం’, ‘హృద్యం’, ‘సాగదీత’, ‘చప్పగా ఉంది’, ‘గుండెను పిండేసింది’ వంటివన్నీ పోవాలి. నిన్ను అడగకుండానే నీ నోటుపుస్తకం మీద ఆ పని నేను చేసి చూశాను, ఏమీ అనుకోకు. 19 అభిప్రాయాలు పూర్తిగా ఖాళీ అయిపోయాయి. మిగతా 24లోనూ మిగిలినవి, నీ కథను పాఠకులు తమ మాటల్లో మళ్లీ చెప్పుకొన్న ముక్కలు. నువ్వు చదవవలసినవి అవే.

ఈ పద్ధతి నేను దెబ్బ తిని నేర్చుకున్నది. 1980ల్లో ఒక వారపత్రికలో నా నవల ధారావాహికగా వచ్చేది. ప్రతివారం పదిహేను పైసల కార్డుల మీద ఉత్తరాలు వచ్చేవి. సంపాదకులు వాటిని కట్టకట్టి నాకు పంపేవారు. పన్నెండో వారానికి వచ్చేసరికి, నాయిక నాయకుణ్ని క్షమించి తీరాలని సగానికి సగం కార్డులు పట్టుబట్టాయి. సంపాదకులూ అదే సలహా ఇచ్చారు. నేను లొంగిపోయి ఇద్దరినీ కలిపేశాను. ఆ వారం వచ్చిన ప్రశంసలకు కొదవ లేదు. తరువాతి నలభై ఏళ్లలో ఆ నవల గురించి నాతో మాట్లాడినవారిలో ఒక్కరు కూడా ఆ క్షమాపణ ఘట్టాన్ని ఎత్తలేదు. అందరూ చెప్పేది నాలుగో వారంలో వచ్చిన బస్‌స్టాపు సన్నివేశమే. వానలో అతను గొడుగు తెరవకుండా చంకలో పెట్టుకొని నిలబడతాడు. ఎందుకు తెరవలేదో నేను రాయలేదు, పాఠకులు మాత్రం తలా ఒక కారణం చెబుతారు. కార్డుల మీద కోరిన ముగింపు కోరినవారికే గుర్తు లేదు. ఆ కట్టలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి, చెదలు కూడా వాటిని పెద్దగా ముట్టుకోలేదు.

ఇక నీ పాఠకుల దగ్గరికి వద్దాం. మారతహళ్లిలో ఉంటున్నానని రాసిన ఒకతను నీ తప్పు ఒకటి పట్టుకున్నాడు. 2019 వేసవిలో నీ నాయిక ఎం.జి. రోడ్డులో మెట్రో ఎక్కి వైట్‌ఫీల్డ్‌లో దిగుతుంది. ఆ ఏడాది పర్పుల్ లైను తూర్పున బైయప్పనహళ్లిలోనే ఆగిపోయేది. వైట్‌ఫీల్డ్ నుంచి కె.ఆర్.పురం దాకా రైలు మొదలైంది 2023 మార్చిలో; బైయప్పనహళ్లికీ కె.ఆర్.పురానికీ మధ్య మిగిలిన ముక్క కలిసింది అదే ఏడాది అక్టోబరులో. ఆ అభిప్రాయం పక్కన నువ్వు ‘చాదస్తం’ అని రాసుకున్నావు. అది చాదస్తం కాదమ్మా. ఈ ఊళ్లో ప్రేమించుకునేవారికి కులం, జీతం ఎంత అడ్డమో దూరం కూడా అంతే అడ్డం. రాజాజీనగరులో ఉండే అబ్బాయీ వైట్‌ఫీల్డ్‌లో పనిచేసే అమ్మాయీ వారానికి ఎన్నిసార్లు కలుసుకోగలరన్నది సిల్క్‌బోర్డు దగ్గరా టిన్‌ఫ్యాక్టరీ దగ్గరా ఇరుక్కుపోయినవాడికే తెలుస్తుంది. ఆ పాఠకుడు రోజూ తన జీవితంలోంచి రెండు గంటలు ఆ రోడ్డుకు చెల్లించుకుంటున్నాడు. నువ్వు నీ నాయికకు ఆ రెండు గంటలూ ఉచితంగా ఇచ్చేశావు. ఆ క్షణంలో అతనికి ఆమె మీద నమ్మకం పోయింది. నిజానికి అతను నీకు ఒక సన్నివేశాన్ని దానం చేశాడు. బైయప్పనహళ్లిలో రైలు దిగి, అక్కడి నుంచి బస్సు కోసం నిలబడిన అలసటలో ఆమె తన ప్రియుడికి ఫోను చేసి ఉంటే, నీ ఏడో అధ్యాయంలోని పోట్లాటకు నువ్వు వెతుక్కున్న కారణం కంటే మంచి కారణం దొరికేది.

హిందూపురం అమ్మాయి నోట గుంటూరు మాట పెట్టావని అనంతపురం నుంచి ఒకావిడ రాసింది కూడా ఈ కోవలోదే. ‘వస్తాండా’ అనవలసిన పిల్ల ‘వచ్చేస్తున్నానండీ’ అంటే ఆవిడ చెవికి అది వేరే పిల్ల. పైగా నీ ఇంటి ఓనరమ్మ, ఆటో డ్రైవరు, పీజీలో వంటమనిషి అందరూ ఒకే తెలుగు మాట్లాడుతున్నారు. ఇక్కడ తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ల మాటలో కన్నడం ఎంత కలిసిపోయిందో మా వీధిలో పూలమ్మే ఆవిడ దగ్గర పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. ఇలాంటి తప్పులు ఎవరు చెప్పినా వాదించకుండా దిద్దుకో.

నాయికకు పొగరెక్కువ అన్న ఎనిమిది మంది గురించి నువ్వు అనవసరంగా బాధపడుతున్నావు. వాళ్లు ఆమెతో దెబ్బలాడుతున్నారు, నీతో కాదు. బొమ్మతో ఎవరూ దెబ్బలాడరు. ‘ఇది అచ్చం నా కథే’ అన్న ముగ్గురికి మర్యాదగా రెండు వాక్యాలు జవాబు రాయి. వాళ్ల కథ వివరాలు మాత్రం అడగకు.

పెళ్లి కాకుండా ఇద్దరూ ఒకే ఫ్లాటులో ఉండడాన్ని తప్పుపట్టిన ఉత్తరాలు ఐదున్నాయి. వాటిలో రెండింటిని మళ్లీ చదువు. ‘ఇవి ఒక ఆడపిల్ల రాయవలసినవి కావు’ అని ఉంది. ఆ ‘ఆడపిల్ల’ను కొట్టేస్తే ఆ ఉత్తరాల్లో ఇంకేమీ మిగలదు. ఈ ఊరి పేరును తన పేరుకు ముందు మోసిన గాయని బెంగళూరు నాగరత్నమ్మను తలచుకో. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన ‘రాధికా సాంత్వనము’ అంతకుముందు అసంపూర్ణంగా అచ్చయిందని గమనించి, పూర్తి ప్రతిని సంపాదించి, 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రచురింపజేసింది. వీరేశలింగం పంతులు గారంతటివారు ఆ కావ్యంలోని శృంగారాన్ని అప్పటికే తప్పుపట్టి ఉన్నారు. సిగ్గూ మర్యాదా ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని ఆమె తన పీఠికలో నిలదీసింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన రోజుల దాకా ఆ నిషేధం తొలగలేదు. నీ నవలను ఆ కావ్యం సరసన కూర్చోబెట్టడం లేదు, కంగారుపడకు. అంతటి పండితుల అభిప్రాయంలో కూడా పద్యం గురించి ఎంత ఉంది, రాసిన మనిషి గురించి ఎంత ఉంది అని వేరు చేసి చూడవలసి వచ్చిందంటున్నాను. మిగతా మూడు ఉత్తరాలు అలాంటివి కావు. ఆ ఫ్లాటుకు అద్దె ఎవరు కడుతున్నారు, ఊరి నుంచి తల్లి వచ్చిన రోజున అబ్బాయి చెప్పులు ఎక్కడ దాచారు అని అడిగాయి. అవి నైతిక ప్రశ్నల్లా కనబడే మంచి కథాప్రశ్నలు, నీ నవలలో వాటికి జవాబు లేదు.

ఇప్పుడు ముగింపు. 11 మంది ఆ ఇద్దరినీ కలపమన్నారు. కాని ఆ 11 మందీ, వెనక కూర్చునే మనిషి కోసం అతను కొన్న హెల్మెట్‌ను ఆమె గేటు దగ్గర తిరిగి ఇచ్చేయడాన్ని పొల్లుపోకుండా తమ మాటల్లో చెప్పారు. ఒకాయన ఆ హెల్మెట్‌కు నువ్వు రాయని రంగు కూడా వేశాడు. ఆ ముగింపు మీద చెయ్యి వెయ్యకు.

నువ్వు చెయ్యి వెయ్యవలసిన చోటు వేరే ఉంది. అది పట్టుకోవడానికే నాకు వారం పట్టింది. వాళ్లిద్దరూ విడిపోయే పద్నాలుగో అధ్యాయం నీకు చాలా ఇష్టమని, ఆరుసార్లు తిరగరాశానని అన్నావు. మిగిలిన 24 అభిప్రాయాల్లో ఏ ఒక్కటీ ఆ అధ్యాయాన్ని తిరిగి చెప్పలేదు. తిట్టినవాళ్లు కూడా లేరు. ఒక్కాయన మాత్రం లాల్‌బాగ్ తోట గురించి చాలా విషయాలు తెలిశాయని రాశాడు. మళ్లీ తీసి చూశాను. అబ్బాయి ‘మా నాన్న ఒప్పుకోడు’ అనగానే నువ్వు తోట 240 ఎకరాలంటావు. ఆమె లేచి నిలబడగానే గాజుటింటికి 1889లో శంకుస్థాపన జరిగిందంటావు. ఆమె ఏడవబోతుండగా ఆ కొండబండ వయసు 300 కోట్ల ఏళ్లు. అన్నీ నిజాలే, అన్నీ నాకూ ఇష్టమే. వాటి మధ్య ఆ పిల్ల ఏమన్నదో మాత్రం ఎవరికీ వినబడలేదు. ఎదురుగా నిలబడి వినడానికి నీకే భయం వేసి తోట చూపిస్తూ తప్పించుకున్నావని నా అనుమానం. నేనూ ఆ వయసులో వెన్నెలను అలాగే వాడుకున్నాను.

ఆ పద్దెనిమిది పేజీలూ పట్టుకొని వచ్చే శనివారం మా ఇంటికి రా, కలిసి చదువుదాం. వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకు మారి, తరువాతి స్టేషను సంపిగె రోడ్డులో దిగు. ఇప్పుడు ఆ దారి నిజంగానే ఉంది.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ వంటి ఒక పాత రచయిత్రి